తరిమెనయు దుమ్మును: కొయ్యపని చరిత్రలో నొక విస్మృతాంశము

మన వృత్తుల చరిత్ర వ్రాయువారు రథములను, ద్వారబంధములను, బొమ్మలను వర్ణింతురు. అవి తయారగునపుడు రాలిన పొట్టు ఏమాయెనో, దానిని పీల్చిన పనివాని యూపిరి యేమాయెనో విచారించువారు అరుదు. ఈ సంచికయందు మేము ఆ విషయమునే సోదరుల యెదుట నుంచుచున్నాము.

నేటి సిద్దిపేట జిల్లాలోని జగదేవ్‌పూరు వంటి గ్రామములలో పూర్వము వడ్రంగి ఆయగాండ్రలో నొకడు. నాగలి, గుంటక, బండి చేసియిచ్చి, పంటకాలమున ధాన్యము గైకొనుచుండెను. మంచపుకోళ్ళు, కవ్వములు మొదలగు గుండ్రని పనులకు తరిమెన యుండెడిది. ఒకడు త్రాటిని గాని కమానును గాని లాగుచుండ కొయ్య ఇటునటు తిరుగును. రెండవవాడు ఉలి మోపును. వేగము స్వల్పము. పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్లకడ పడును గాని గాలిలో నంతగా తేలదు. పనియు తరచుగా పందిరిక్రిందనో చెట్టునీడనో సాగెడిది. కావున మన పెద్దలు ముఖమునకు గుడ్డ కట్టకయే పనిచేసిరనుట వింత గాదు.

తరిమెనపనికి తెలుగునాట పేరెన్నిక గన్నది వరాహానదీ తీరమందలి ఏటికొప్పాక. అచ్చట మెత్తని అంకుడుకొయ్యను తిప్పి, తిరుగుచున్న బొమ్మకు లక్క నద్ది, మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. ప్రకృతిసిద్ధమైన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన శ్రీ సి. వి. రాజు గారు 2023లో పద్మశ్రీ పురస్కృతులైరి. ఆడుకొను బిడ్డ నోటికి విషము సోకరాదన్న యీ శ్రద్ధ ఎంతయు కొనియాడదగినది. బొమ్మను చేయువాని ముక్కును గూర్చియు అట్టి శ్రద్ధయే కావలెనని మా మనవి.

ఏలయన, విద్యుత్తు వచ్చిన పిదప తరిమెన మారినది, దుమ్మును మారినది. నేటి లేతు నిమిషమునకు వేయి చుట్లకు మించియు తిరుగగలదు. దానిపై గరుకుకాగితము మోపిన, పొట్టు గాక పొగవంటి ధూళి లేచును. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. 10 మైక్రానులకు లోబడిన రేణువులు కంటికి గానరాక, గాలిలో చాలసేపు తేలి, ఊపిరితో లోనికి బోవును. యంత్రము మారెను గాని మన యలవాటు కమాను కాలమునాటిదే.

ఈ మార్పు ఫలము ఇంగ్లండునందలి హైవికూంబు పట్టణమున బయల్పడినది. ఆ ప్రాంతమున పూర్వము కుర్చీకోళ్ళు చేయువారు అడవిలోనే పచ్చికొయ్యను కాలితో త్రొక్కు తరిమెనపై తిప్పుచుండిరి. పిదప పని మూసిన కర్మాగారములలో ఎండుకొయ్యపై యంత్రములతో సాగెను. అచ్చటి వైద్యురాలు ఎస్మె హాడ్‌ఫీల్డు, అరుదైన నాసికా క్యాన్సరు కొయ్యసామానుల పనివారిలో పదేపదే కనబడుట గుర్తించెను. ఆమెయు, అచిసన్ మొదలగు సహచరులును 1968లో దానిని నిరూపించి ప్రకటించిరి. పనిలో చేరిన పలు దశాబ్దములకు గాని ఆ వ్యాధి పొడసూపదు. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యదుమ్మును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో మొదటి వర్గమున చేర్చెను.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 14వ సెక్షనునందు, దుమ్మును అది పుట్టుచోటికి సాధ్యమైనంత చేరువనే లాగివేయవలెనని విధించెను. కాని విద్యుత్తు వాడుచోట 10మంది పనివారున్ననే అది ఫ్యాక్టరీ. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతాస్మృతి ఆ సంఖ్యను 20కి హెచ్చించెను. తండ్రియు కుమారుడును పనిచేయు మన కొట్టములు నాడును నేడును ఆ గీతకు వెలుపలనే యున్నవి. కనుక మన రక్షణ మనమే చేసికొనవలెను.

ఉపాయము దుర్లభము కాదు. పీల్చు గొట్టపు నోటినుండి దాని వ్యాసమంత దూరము పోవునప్పటికే గాలివేగము సుమారు పదియవవంతునకు తగ్గును. కావున వెడల్పైన నోటిని కొయ్యకు వెనుకప్రక్క, మిక్కిలి దగ్గరగా, పనినిబట్టి జరుపుకొన వీలుగా అమర్చవలెను. గొట్టము పొట్టిగను, వంపులు తక్కువగను ఉండవలెను; 6 అంగుళముల గొట్టపు ద్వారము 4 అంగుళముల దానికి రెండుంబాతిక రెట్లు. పంకాకు ముందు ఒక మూతపీపా నుంచి, గాలి దానిలో సుడి తిరుగునట్లు చేసిన, బరువు పొట్టు అడుగున నిలుచును. మిగిలిన సన్నధూళిని పలుచని గుడ్డసంచి ఆపజాలదు, మరల గదిలోనికే విడుచును. మేలైన వడపోతయైన నుండవలెను, లేదా ఇరుగుపొరుగు వారికి సోకనిచోటికి దానిని వెలుపల విడువవలెను. ముక్కుకు బిగువైన మాస్కు, చీపురుకు బదులు తడిగుడ్డ వాడవలెను. దుమ్ము నిప్పంటుకొనునది గావున కొట్టమున బీడీ వెలిగింపరాదు.

సంఘపోషకులకు మా విన్నపము: విద్యార్థి వేతనములతోపాటు, లేతుపని చేయు కొట్టములకు ఇట్టి యేర్పాటు కొఱకును కొంత ధనము కేటాయింపుడు. ఉలి తండ్రినుండి కుమారునికి సంక్రమించుట మనకు గర్వకారణము. దగ్గు సంక్రమింపకుండ చూచుట మన విధి.