కార్టజినా నియమాలు, నడిగడ్డ విత్తనం: దక్షిణ తెలంగాణ పత్తిలో ముప్పు అంచనా – ఒక పునఃపరిశీలన

తెలంగాణలో జన్యుమార్పిడి పత్తిపై ఇంతవరకు వచ్చిన పరిశోధన చాలావరకు వరంగల్ చుట్టూనే తిరిగింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పక్షాన అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి తీసిన సాగు లెక్కలకు గాని, బీటీ పత్తి వల్ల రైతు తన సేద్యపు నేర్పును కోల్పోతున్నాడని వాదించిన గ్లెన్ డేవిస్ స్టోన్ క్షేత్ర పరిశోధనకు గాని ఆ జిల్లాయే ప్రధాన ఆధారం. గద్వాల ప్రాంతపు విత్తన క్షేత్రాలను దావులూరి వెంకటేశ్వర్లు శ్రద్ధగా అధ్యయనం చేసినా, ఆయన దృష్టి బాలకార్మికుల సమస్యపైనే ఉంది. విత్తనం తయారయ్యే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను, ఆ విత్తనాన్ని వర్షాధారపు చల్కల్లో విస్తారంగా వేసే ఉమ్మడి నల్గొండ జిల్లాను కలిపి చూడకపోవడం వల్ల, అంతర్జాతీయ జీవభద్రత నియమాలు ఈ నేల మీద ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. నియమాల్లో లోపం లేదని, వాటిని ఎక్కడ అన్వయించాలో ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగిందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

2000 జనవరిలో మాంట్రియల్‌లో ఆమోదం పొంది 2003 సెప్టెంబరు 11 నుంచి అమల్లోకి వచ్చిన కార్టజినా జీవభద్రత ప్రోటోకాల్‌లో 15వ అధికరణం ముప్పు అంచనాకు, 16వ అధికరణం ముప్పు నిర్వహణకు సంబంధించినవి. అంచనా పద్ధతిని మూడవ అనుబంధం వివరిస్తుంది. ప్రతి జన్యుమార్పిడి జీవిని విడివిడిగా పరిశీలించాలని, శాస్త్రీయ సమాచారం లేనంత మాత్రాన ముప్పు లేదని భావించరాదని, ఆ జీవి చేరబోయే పరిసరాల భౌగోళిక, వాతావరణ, జీవావరణ లక్షణాలను లెక్కలోకి తీసుకోవాలని ఆ అనుబంధం చెబుతుంది. అనిశ్చితి మిగిలినచోట అదే పరిసరాల్లో నిఘా పెట్టవచ్చునని కూడా అందులో ఉంది. ప్రోటోకాల్‌లో చేరిన దేశాల ఆరవ సమావేశం 2012 అక్టోబరులో హైదరాబాద్‌లోనే జరిగింది. ముప్పు అంచనా మార్గదర్శకాలను క్షేత్రంలో పరీక్షించి చూడాలని సభ్యదేశాలను ప్రోత్సహించిన ఆ సమావేశపు వేదికకు కొద్ది గంటల ప్రయాణ దూరంలోనే నడిగడ్డ (గద్వాల, అలంపూర్ ప్రాంతం) ఉంది.

ఈ విషయంలో అత్యంత ప్రభావం చూపిన వాదన రోనాల్డ్ హెరింగ్‌ది. 2001లో గుజరాత్‌లో బయటపడిన నవభారత్-151 అనే అనుమతి లేని బీటీ పత్తిని ఆధారం చేసుకుని, రైతుల చేతుల్లో రహస్యంగా వ్యాపించే విత్తనాల ముందు జీవభద్రత యంత్రాంగం నిస్సహాయమని, ఢిల్లీలో కూర్చుని రాసిన అనుమతులకు పొలంలో విలువ లేదని ఆయన 2007లో ప్రతిపాదించారు. ఆ వాదన పలుకుబడి ఎంతగా పెరిగిందంటే, తరువాతి రచనల్లో నియంత్రణ వైఫల్యం ఒక ప్రకృతి నియమంలాగా కనిపించసాగింది. అయితే గుజరాత్ అనుభవం దక్షిణ తెలంగాణకు పూర్తిగా వర్తించదు. అక్కడ అనధికార విత్తనం రైతుల మధ్య, చిన్న ఉత్పత్తిదారుల మధ్య చేతులు మారింది; ఇక్కడి రైతు ఎక్కువగా దుకాణంలో ప్యాకెట్ కొంటాడు. ఆ ప్యాకెట్‌లోని హైబ్రిడ్ గింజకు పుట్టిన పొలం, పుట్టించిన కూలీ, సేకరించిన ఆర్గనైజర్, శుద్ధి చేసిన మిల్లు, ముద్ర వేసిన కంపెనీ ఉన్నాయి. హెరింగ్ చూసిన అరాచకం చోట ఇక్కడ ఉన్నది ఒక గొలుసు. దాని ప్రతి లంకెనూ పట్టుకోవచ్చు.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతంలో ఈ గొలుసు మొదలవుతుంది. కంపెనీ ఇచ్చే మూల విత్తనం ఆర్గనైజర్ ద్వారా రైతుకు చేరుతుంది. ఆడ వరుసలు, మగ వరుసలు వేరువేరుగా వేస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు తీసివేసి, మరునాటి ఉదయం మగ పూల పుప్పొడిని అంటిస్తారు. స్థానికంగా క్రాసింగ్ అనే ఈ పని పూత కాలమంతా, ఒక్కో పువ్వుకూ చేతితోనే సాగుతుంది. కోసిన గింజను కంపెనీ జీవోటీకి పంపుతుంది. అంటే నమూనాను నాటి, మొలిచిన మొక్కల్లో జన్యు స్వచ్ఛతను చూస్తుంది. ఆ పరీక్షలో నిలవని సరుకును కంపెనీ తీసుకోదు. పెట్టుబడి ముందే తీసుకుని అప్పులో ఉన్న రైతుకు ఫెయిలైన విత్తనం బరువవుతుంది. అటువంటి విత్తనమే రంగు పూసి, కొత్త సంచుల్లో బయటి మార్కెట్‌కు చేరుతోందన్న ఆరోపణ స్థానిక పత్రికల్లో ఏటా వానకాలం ముందు వస్తూనే ఉంది. ఆ ఆరోపణ నిజమైతే, జన్యుమార్పిడి జీవి అనుమతి పరిధి దాటి జారిపోయే స్థలం ఇదే. అయినా జీవభద్రత పత్రాల్లో ఈ స్థలానికి చోటు లేదు.

రెండవ లంకె నల్గొండ చల్కల్లో కనిపిస్తుంది. 2002 మార్చి 26న మెక్-12, మెక్-162, మెక్-184 అనే బీటీ పత్తి హైబ్రిడ్లకు జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ అనుమతి ఇస్తూ, ఐదు వరుసలు లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంతమేర, బీటీ కాని పత్తిని చుట్టూ వేయాలని షరతు పెట్టింది. దీన్నే ఆశ్రయ పంట అంటారు. బీటీ మొక్క తయారుచేసే విషానికి లొంగే పురుగులు కొన్ని అందులో బతికి, నిరోధకత వచ్చిన పురుగులతో జతకట్టి, నిరోధకతను పలచబరచాలన్నది దాని ఉద్దేశం. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌కు తోడుగా 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చేవారు. మునుగోడు, చండూరు, దేవరకొండ ప్రాంతాల్లో ఒకటి రెండెకరాలు, అదీ తరచు కౌలుకు, చేసుకునే రైతు అయిదో వంతు భూమిని పురుగుకు వదిలేయాలని కోరడమే ఆ షరతు సారాంశం. చిన్న ప్యాకెట్ చాలాచోట్ల మట్టిలో పడలేదు.

శనగపచ్చ పురుగు విషయంలో ఈ లోపం కొంత పూడింది. అది కంది, శనగ, టమాట వంటి అనేక పంటల మీద బతుకుతుంది కాబట్టి, పత్తిలో సాళ్లుగా వేసే కందే దానికి ఆశ్రయమైంది. గులాబీ రంగు పురుగు కథ వేరు: దానికి దాదాపు పత్తి ఒక్కటే ఆహారం. పైగా అది కాయలోపల ఉండి గింజను తింటుంది. హైబ్రిడ్ మొక్కకు బీటీ జన్యువు ఒక జనకం నుంచే వచ్చినప్పుడు, కాయలోని గింజల్లో నాలుగో వంతుకు ఆ విషం ఉండదు. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2లో పదహారింట తొమ్మిది గింజల్లోనే రెండు విషాలూ కలిసి ఉంటాయి. ఒకే కాయలో విషమున్న గింజ, విషం లేని గింజ పక్కపక్కనే దొరికే ఆ పురుగుకు నిరోధకత అలవడడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పత్తి సూటి రకాలు కావడంతో అన్ని గింజల్లోనూ విషం ఉంటుంది. అక్కడి లెక్కలు ఇక్కడ చెల్లవు. ప్రతి సందర్భాన్నీ విడిగా చూడాలన్న మూడవ అనుబంధపు ఆదేశం అసలు అర్థం ఇదే. 2010లో గుజరాత్ గులాబీ పురుగు మొదటి తరం బీటీకి లొంగడం లేదని వెల్లడి కావడం ఈ నిర్లక్ష్యానికి మూల్యం. బీటీ తరువాత దేశంలో దిగుబడులు పెరిగాయన్నది నిజమే గాని, దిగుబడి ముప్పు అంచనాకు ప్రత్యామ్నాయం కాదు.

మూడవ లంకె రైతులు బీజీ-3 అని పిలిచే, గడ్డిమందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి. దాని అనుమతి కోరిన కంపెనీ తన దరఖాస్తును 2016లో ఉపసంహరించుకోవడంతో అంచనా పూర్తి కాలేదు. గింజ మాత్రం పొలాల్లోకి చేరింది. కలుపు కూలీగా బతికే స్త్రీల ఆదాయం మీద దాని ప్రభావమూ తేలలేదు. ప్రోటోకాల్ 26వ అధికరణం సామాజిక, ఆర్థిక అంశాలను పరిగణించే వెసులుబాటు ఇచ్చినా, అంచనా పూర్తి కాని విత్తనానికి అది అక్కరకు రాదు. నష్టపరిహారాన్ని నిర్దేశించే నాగోయా–కౌలాలంపూర్ అనుబంధ ప్రోటోకాల్ 2018 మార్చి 5న అమల్లోకి వచ్చింది. అయితే నష్టానికి బాధ్యులైన వారిని గుర్తించగలిగితేనే దానికి ప్రాణం. గొలుసును పట్టుకుంటే బాధ్యులు దొరుకుతారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, దక్షిణ తెలంగాణ పత్తిలో ముప్పు అంచనా నియమాలను విత్తన ఉత్పత్తి మండలం నుంచే అన్వయించాల్సి ఉందని తేలుతుంది. నడిగడ్డలో నిఘా ఉండి ఉంటే అనుమతి పరిధి దాటే విత్తనాన్ని మొదట్లోనే గుర్తించే వీలుండేది. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. 1989 నిబంధనల్లోనే కలెక్టర్ అధ్యక్షతన, జిల్లా వ్యవసాయాధికారి సభ్యుడిగా జిల్లాస్థాయి కమిటీ ఉంది. దేశంలో చాలా జిల్లాల్లో అది కాగితం దాటలేదు. గద్వాలలో, నల్గొండలో ఆ కమిటీలు క్రాసింగ్ కాలంలో విత్తన క్షేత్రాలకు వెళ్లాలి, జీవోటీలో ఫెయిలైన ప్రతి లాటు లెక్కనూ బహిరంగంగా ప్రకటించాలి, ఆ లాటును రైతుకు పరిహారం ఇచ్చి ధ్వంసం చేయించాలి. పరిశోధకులు కూడా వరంగల్ దాటి ఈ రెండు జిల్లాల దాకా రావాలి. విత్తనం పుట్టిన చోట అమలు కాని నియమం, అది మొలిచిన చోట అమలు కాజాలదు.