ఎడమచెయ్యి బ్రాకెట్టు

జర దగ్గరికి జరుగు బిడ్డా, చలి ముదురుతున్నది. ఆ పత్తికట్టె ఇంకో రెండు పుల్లలు మంటల వెయ్యి. నీ ల్యాప్‌టాప్ మాత్రం దూరం పెట్టు, నిప్పురవ్వలు ఎగురుతున్నయి.

ఇందాక దాంట్ల నువ్వు ఒక ముక్కను వేలితోని గిరగిర తిప్పుతుంటే చూసిన. మేం ఆ తిప్పుడంతా తలకాయలనే తిప్పుతుంటిమి.

ఐటీఐల రెండేండ్లు డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ చదివి, బాలానగర్‌ల ఒక ఫ్యాక్టరీల చేరిన. డ్రాయింగ్ ఆఫీసుల పద్నాలుగు బోర్డులుండె, ఒక్కొక్కటి తలుపంత. ఏ-జీరో కాగితం అంటే 841 మిల్లీమీటర్లు ఒక దిక్కు, 1189 ఇంకో దిక్కు. దాని మీద వంగి నడుము పట్టుకుపోయేదాక గీస్తుంటిమి. సన్నగీతకు 4హెచ్ పెన్సిల్, ముదురుగీతకు హెచ్. అదంతా అయినంక పైన ట్రేసింగ్ పేపర్ పరిచి, ఇంకుతోని మల్ల అవే గీతలు. ఎండకాలం మణికట్టు కింద దస్తీ పెట్టుకోవాలె, లేకుంటే చెమటకు ఇంకు పాకుతది. తప్పు పడ్డదనుకో, బ్లేడును సగానికి ఇరిచి ఆ మూలతోని ఇంకును మెల్లగ గీకాలె. జర గట్టిగ గీకితే కాగితానికి చిల్లు. చిల్లు పడ్డనాడు బువ్వ సయించకపోతుండె. ఆఖర్ల అమ్మోనియా ప్రింటు. ఆ గది ముంగట నుంచి పోతేనే కండ్లల్ల నీళ్లు. పొద్దుమీకి ఇంటికొస్తే మీ నాయనమ్మ నా అంగీ వాసన పట్టి, “ఇయ్యాల ప్రింట్లు తీసినవా?” అని అడుగుతుండె.

గీతలు గీసుడు ఎట్లనో అలవాటైంది. అసలు తిప్పలు వేరే ఉండె. ఒక్క ముక్కకు మూడు బొమ్మలు: ముంగట నుంచి, పైనుంచి, పక్క నుంచి. వర్క్‌షాపుల మనిషి ఆ మూడూ చూసి మనసుల ముక్కను కట్టుకోవాలె. మేం గీసేది ఒక తీరుగ ఉత్తరమే. చదివెటోడు మా లెక్కనే చదవకపోతే అంతే సంగతులు.

ఓసారి అమెరికా మిషిన్‌ది ఒక బ్రాకెట్టు డ్రాయింగ్ ఇచ్చి ట్రేస్ చెయ్యమన్నరు. అమెరికావోళ్లది థర్డ్ యాంగిల్. కుడిపక్క నుంచి చూసిన బొమ్మను కుడిపక్కనే పెడతరు. మా షాపుల నడిచేది ఫస్ట్ యాంగిల్. దాంట్ల కుడి నుంచి చూసిన బొమ్మ ఎడమ దిక్కు వస్తది, ఎడమది కుడి దిక్కు. ఏది ఏ పద్ధతో చెప్పెతందుకు కాగితం మూలకు మొన కోసిన శంకువు బొమ్మ ఒకటి చిన్నగ ఉంటది. బొటనవేలి గోరంత. అది ఎక్కించుడు నేను మర్చిన. చెక్ చేసే ఆయన సుత చూడకుండనే సంతకం కొట్టిండు. ప్యాటర్న్ చేసే వడ్రంగి తనకు అలవాటైన తీరుగ చదివిండు. ముంగటికి రావాల్సిన బ్రాకెట్టు చెవి ఎనుకకు పోయింది.

పన్నెండు పోతలు పోసి, హోల్స్ సుత కొట్టి తెచ్చిండ్రు. మిషిన్‌కు పెడితే కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడిగినట్టైంది. ఎటు తిప్పినా కుదరదు, అద్దంల కనవడే ముక్క అది. పదకొండు మల్ల కరిగేతందుకు పోయినయి. నా జీతంల కొంత కోసిండ్రు. పన్నెండో దాని సంగతి తర్వాత చెప్త.

1980ల ఆఖర్ల మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది, ఆటోక్యాడ్‌తోని. అమెరికాల అది 1982ల బయటికొచ్చిందట. కంప్యూటర్‌కు ఏసీ గది, మాకు ఫ్యాను. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి పోవాలె. నాకు నేర్పింది నాకంటె ఇరవై ఏండ్లు చిన్న పిలగాడు. 1968ల బాలానగర్‌ల పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది చూడు, ఆడ చదివిండు. “కాకా, గీత గియ్యకుర్రి, ఎక్కడ్నుంచి ఎక్కడికో చెప్పుర్రి” అంటుండె. బ్లేడుతోని పని తప్పింది, సంబురమే. కని నన్నడిగితే అది కరెంటుతోని నడిచే డ్రాయింగ్ బోర్డు, అంతే. మూడు బొమ్మలు మూడు బొమ్మలే. ఒకదాంట్ల హోల్ జరిపితే మిగిలిన రెండిట్ల నేనే యాదికుంచుకొని జరపాలె. నా బ్రాకెట్టు తప్పు దాంట్ల సుత అట్లనే పోతుండె.

నిజానికి అంతకంటె మస్తు ముందే, 1963ల, ఎంఐటీల ఐవాన్ సదర్లాండ్ పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అని ఒకటి చేసిండు. తెర మీద లైట్ పెన్నుతోని గీసి, ఈ రెండు గీతలు సమాంతరంగ ఉండాలె అంటే అవే సర్దుకుంటుండె. నువ్వు స్కెచ్‌ల పెట్టే కన్‌స్ట్రెయింట్లకు అదే ముత్తాత.

మాకు అసలు మార్పు సాలిడ్ వచ్చినప్పుడు. ఆ పిలగాడు ముందుగాల వైర్‌ఫ్రేమ్ చూపెట్టిండు, డబ్బాకు పన్నెండు తీగలు. ఏది ముంగట, ఏది ఎనుక? చూస్తుండగనే తిరగబడ్డట్టు కొడతది. సర్ఫేస్ అంటె పైన తోలు కప్పినట్టు, లోపల ఉత్తదే. సాలిడ్‌కు ఏది లోపల, ఏది బయట అన్నది ఎరుక. అందుకే బరువు చెప్తది. నేను నమ్మలే. 300 పొడుగు, 200 వెడల్పు, 20 మందం ఉక్కు పలక గియ్యి, నడుమ 100 మిల్లీమీటర్ల హోల్ కొట్టు అన్న. ఇటు కాగితం మీద నేను లెక్కేసిన. పలక 9.42 కిలోలు, హోల్‌ల పోయింది 1.23, మిగిలింది 8.19. వాడు మీట కొట్టిండు. 8.19.

ముక్కలు కలుపుడు, ఒకదాంట్ల నుంచి ఇంకోటి తీసుడు, రెండిటికి ఉమ్మడిగున్నది ఉంచుడు. మేం బరువులు కట్టే లెక్కల్ల చేసిందే, కంప్యూటర్ ఆకారాలతోని చేస్తున్నది. ఇంటికొచ్చి మీ నాయనమ్మకు చెప్పిన: మురుకుల గొట్టంల నుంచి పిండి దిగినట్టు సాగదీస్తె ఎక్స్‌ట్రూడ్, కుమ్మరి సారె మీద తిప్పినట్టు తిప్పితె రివాల్వ్, సర్వపిండికి వేలుతోని పొడిచినట్టు పొడిస్తె కట్. “గిందుకు ఐటీఐ ఎందుకు?” అన్నది.

రష్యా నుంచి వలసపోయిన లెక్కల పండితుడు శామ్యూల్ గైస్‌బర్గ్ 1985ల పీటీసీ కంపెనీ పెట్టిండు. వాళ్ల ప్రో-ఇంజనీర్ సాఫ్ట్‌వేర్‌ల ఒక్క కొలత మారిస్తె ముక్క మారుతది, దాని డ్రాయింగులన్ని సుత మారుతయి. చెవి ఎటున్నదో తెల్వకపోతె ముక్కనే తిప్పి చూసుడు. 1994ల ఎగిరిన బోయింగ్ 777ను క్యాటియా అనే సాఫ్ట్‌వేర్‌తోని కంప్యూటర్‌లనే గీసి, ఏ పైపు దేనికి తగులుతదో తెర మీదనే పట్టుకున్నరు.

కని తెర దేనికీ అడ్డం చెప్పదు. నేను తొలిసారి చేసిన పాకెట్‌కు లోపలి మూలలు నాలుగు కత్తి లెక్క పెట్టిన, మంచిగ కనవడుతున్నయని. మిల్లింగ్ ఆపరేటర్ పది మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ తెచ్చి నా బల్ల మీద దొర్లిచ్చిండు. “గుండ్రటిది మూలల ఎట్ల దూరుతది కాకా?” అన్నడు. అయిదు మిల్లీమీటర్ల రేడియస్ కంటె తక్కువ అది కొయ్యలేదు. తెల్వనోన్నా నేను? తెల్సు. తెర ముంగట కూసుంటె మర్చిన.

ఇగ ఆ పన్నెండోది. నీళ్ల గిన్నె కింద రెండు రాళ్లున్నయి, మూడోది ఏందో చూసినవా? ముట్టకు, కాలుతది. అదే నా ఎడమచెయ్యి బ్రాకెట్టు. తుక్కు ధరకు కొనుక్కొచ్చిన. పొద్దున చల్లారినంక మసి కడిగి, కాలిపర్‌తోని కొలిచి, నీ దాంట్ల సాలిడ్ చెయ్యి. బీడు ఇనుము అని పెట్టి బరువు ఎంతొస్తదో నాకు చెప్పు. కిరాణా దుకాణం కాంటా మీద పెట్టి చూద్దాం.