కడవెడు నీళ్ళు – మూడు పనులు

శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, దేవాలయాల కట్టడాలను గురించీ, తొలి మిషనరీలను గురించీ వ్రాయడానికి మాకంటె పెద్దలు, అర్హులు ఎందరో ఉన్నారని తోచింది. అందుచేత సంఘపు రికార్డు పుస్తకాలలో చోటు దొరకని ఒక చిన్న సంగతిని ఎన్నుకున్నాము. అది మన మెట్ట ప్రాంతపు తల్లులు, అవ్వలు ఎండాకాలంలో ఇంటి నీళ్ళను వాడుకున్న తీరు. సంగతి చిన్నదేగాని దాని వెనుక ఉన్న చరిత్ర చిన్నది కాదు.

గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1852లోను, కృష్ణపై బెజవాడ వద్ద 1855లోను ఆనకట్టలు పూర్తి అయిన తరువాత డెల్టా గ్రామాల బ్రతుకు మారిపోయింది. కాలువ అందని మెట్ట గ్రామాలు మాత్రం వానమీద, చెరువుమీద, చేదబావిమీద ఆధారపడి మిగిలిపోయాయి. ఒక్క ఋతువు తప్పితే చాలు, కరువే. 1832–33 నాటి నందన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమ జనాభాలో మూడవ వంతుకు పైగా ఆ కరువులో నశించిపోయారని చరిత్రకారులు చెబుతారు. 1876–78లో వచ్చినది ధాత కరువు. ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించిన సంగతి మన సంఘాలకు బాగా తెలిసినదే. అయితే ఒక్క విషయం మనం ఆలోచించము. ఆ కాలువ పడవల రాకపోకలకు ఉద్దేశించినది. సముద్రం వెంట సాగే ఉప్పునీటి కాలువ. కూలివారు దాహంతో తవ్విన ఆ కాలువలో దాహం తీర్చే నీరు పారలేదు.

కళ్ళెదుట నీళ్ళున్నా త్రాగడానికి పనికిరాకపోవడం మెట్ట ప్రజలకు కొత్త అనుభవం కాదు. అందుకే మన భాషలో ‘మంచినీళ్ళు’ అనే మాట వేరుగా ఉన్నది. త్రాగడానికీ వంటకూ మంచినీళ్ళు, తక్కిన పనులన్నిటికీ వాడుక నీళ్ళు. ఒకటి మూత పెట్టిన కుండలోను, మరొకటి గాబులోను ఉండేవి. మంచినీళ్ళ కుండలో చెయ్యి ముంచిన పిల్లవాడికి వీపు మోగేది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో వైద్యులు పరిశీలన చేసి, పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోవడానికి బావినీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించారు. నల్గొండ జిల్లా గ్రామాలు కూడ ఇదే బాధను తరతరాలుగా అనుభవించాయి. పటికను, సున్నాన్ని నీటిలో కలిపి, తేర్చి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు అందువల్లనే వచ్చింది. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరి అయినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడ.

ఇక ఇంటిలోకి వద్దాం. చెరువు అడుగంటిన రోజుల్లో వచ్చేది బురదనీరు. కుండ లోపలి అంచున చిల్లగింజను అరగదీసి, ఆ కుండలో నీళ్ళు పోసి కదపకుండా ఉంచేవారు. తెల్లవారేసరికి మడ్డి అడుగుకు దిగి, పైన తేట నిలిచేది. ఆ తేటను పలుచని గుడ్డతో వడబోసి మంచినీళ్ళ కుండలో నింపేవారు. అడుగున మిగిలిన మడ్డినీటిని పారబోయక పేడలో కలిపి అలుకుకు వాడేవారు.

బియ్యం మొదటిసారి కడిగిన నీళ్ళు కుడితి తొట్టికి, రెండవసారి కడిగిన నీళ్ళు పులుసులోకి, వార్చిన గంజి మనుషులకు. గిన్నెలను ముందు బూడిదతో, కొబ్బరిపీచుతో పొడిగా తోమి, ఆ తరువాత రెండు చెంబులతో తొలిచేవారు. ఆ తొలిచిన నీళ్ళు మునగచెట్టు మొదట్లోకి పోయేవి. స్నానపు బండ వాలు ఎప్పుడూ అరటిపిలక వైపే ఉండేది. బిడ్డకు పోసిన నీళ్ళతో ఆ బిడ్డ పొత్తిగుడ్డలు జాడించేవారు. మోసుకొచ్చిన కడవెడు నీళ్ళు మూడు పనులు చేయకుండా నేల తాకేవి కావు. ఇది ఏ బడిలోను నేర్పిన విద్య కాదు. మైలున్నర దూరం నెత్తిన మోసిన మెడ నేర్పిన విద్య.

ఈ మోతబరువు అందరికీ ఒకే తీరుగా లేదని కూడ చరిత్రలో వ్రాయాలి. ఊరి బావి ఊరివారిది. మన పూర్వులలో అనేకులకు ఆ బావి గట్టు ఎక్కే అర్హత లేదు. దయగలవారు ఎవరైనా వచ్చి తోడి, ఎత్తునుండి పోస్తే కడవ నిండేది. లేకుంటే ఎండలో గంటల తరబడి కాచుకొని ఉండేవారు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహారాష్ట్రలోని మహద్‌లో వేలమందితో నడిచివెళ్ళి చవదార్ చెరువు నీటిని దోసిట పట్టి త్రాగినది ఈ హక్కు కోసమే. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులను, చెరువులను పేరు పెట్టి చెప్పి, వాటి వాడకంలో కుల వివక్ష ఉండరాదన్నది. అయినా 1985 జూలైలో కారంచేడులో ఏమి జరిగినది? తమ పేటవారు త్రాగే చెరువులో మురికినీళ్ళు కలపవద్దన్న మాట దగ్గర మొదలైన తగవు, జూలై 17న ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. ఒకరు వాడి పారబోసిన నీళ్ళు మరొకరి త్రాగునీటిలో పడకూడదన్న మాట మన ప్రాంతంలో నెత్తుటితో వ్రాసిన పాఠం. నీళ్ళను మళ్ళీ వాడడాన్ని గురించి మాట్లాడే ప్రతివారూ ముందు దీనిని జ్ఞాపకం ఉంచుకోవాలి. మనం వాడిన నీరు మన పెరటి చెట్టుకు పోవాలి గాని, పొరుగువాని కుండలోకి కాదు.

తరువాతి కాలంలో చేతిపంపులు వచ్చాయి. దేశమంతటా పాతిన ఇండియా మార్క్–2 పంపుకు పూర్వరూపాలు మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూరులలో క్రైస్తవ మిషన్లవారు తయారుచేసిన పంపులేనని తెలిసినవారు మన సంఘాలలో తక్కువ. ఆ పిదప బోర్లు, ట్యాంకులు, కుళాయిలు వచ్చాయి. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ గ్రామంలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యం పెట్టుకున్నది. ఐదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు. నీళ్ళు ఇంటికి రావడం దేవుని మేలే. కాని కడవ నెత్తి దిగినప్పుడు దానితోపాటు కడవ నేర్పిన పొదుపు కూడ దిగిపోయినది.

ఇందులో మా దోషం కూడ ఒప్పుకుంటాము. మేము పరిచర్యలో చేరిన తొలి సంవత్సరాలలో, ఒక మెట్ట గ్రామంలో పాస్టరు గృహానికి బోరు, పైన ట్యాంకు ఉండేవి. ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం మోటారు వేసి ప్రసంగం వ్రాసుకుంటూ మరచిపోయాము. ట్యాంకు నిండి, గొట్టం గుండా నీళ్ళు వీధిలోకి ధారగా పోతున్నవి. బయటకు వచ్చి చూస్తే, మన సంఘపు అవ్వ ఒకామె ఆ ధార క్రింద బిందె పెట్టుకొని నిలబడి ఉన్నది. మమ్ములను చూసి, “అయ్యగారూ, పారబోసుకునేయే గదా, పట్టుకుంటే ఏమనుకోరుగా?” అన్నది. “అయ్యో అవ్వా, అదేం మాట!” అన్నాము గాని, ఆపైన నోట మాట రాలేదు. ఆ వారమంతా ఆ పేటకు నీళ్ళ ట్యాంకరు రాలేదని తరువాత తెలిసింది. ఆ ఆదివారం కోసం వ్రాసుకున్న ప్రసంగం ఔదార్యాన్ని గురించి. దానిని చెప్పలేక పక్కన పెట్టాము. మరునాడు గొట్టానికి ప్రహరీ బయట ఒక కుళాయి అమర్చాము. స్నానాలగది నీటిని పెరటివైపు మళ్ళించాము. పొంగి పొరలితే గాని పొరుగువారికి అందని నీరు ఔదార్యం కాదని మాకు నేర్పినది వేదాంత కళాశాల కాదు, ఆ అవ్వ.

ఈనాటి గృహిణులకు రెండు మూడు సంగతులు మనవి చేస్తాము. పాతకాలపు బూడిదనీరు వేరు, ఇప్పటి సబ్బుపొడి నీరు వేరు. బట్టలు, గిన్నెలు కడిగిన నీటిని మునగ, కొబ్బరి, అరటి వంటి చెట్ల మొదళ్ళకు పోయవచ్చు గాని, పచ్చిగా తినే ఆకుకూరలపై పోయరాదు. వాడిన నీటిని ఏ రోజుకారోజు పోసివేయాలి. నిలవ ఉంచితే వాసన, దోమలు తప్పవు. నీరు శుద్ధిచేసే ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. ఆ నీటితో ఇల్లు తుడవవచ్చు, మరుగుదొడ్డికి వాడవచ్చు. అయితే ఉప్పు, ఫ్లోరైడు అందులో మరింత చిక్కబడి ఉంటాయి కనుక పశువులకు మాత్రం పెట్టరాదు.

అన్నిటికంటె సులువైన లెక్క వాన లెక్క. చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసే చోట 50 చదరపు మీటర్ల కప్పుమీద పడేది 30,000 లీటర్లు. అయిదవ వంతు వృథా అయిందనుకున్నా 24,000 లీటర్లు మిగులుతుంది. త్రాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు వాడే ఇంటికి అది ఏడాదిన్నరకు పైగా సరిపోతుంది. తొలి వాన నీటిని వదలివేసి, శుభ్రమైన మూత తొట్టిలో పట్టుకుంటే ఫ్లోరైడు బాధ లేని మంచినీళ్ళు ఇంటికప్పు మీదనే ఉన్నవి. మన దేవాలయాల కప్పులు ఇంకెంత పెద్దవో వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదువేలమంది తృప్తిగా తిన్న తరువాత కూడ మిగిలిన ముక్కలను ప్రభువు పోగుచేయించాడు. సమృద్ధి కలిగించగలవాడే మిగులును వదలలేదు. రాబోయే నూరేళ్ళ సంచికలో ఎవరైనా మన తరాన్ని గురించి వ్రాస్తే, వారు దేవాలయాలు కట్టినారని మాత్రమే గాక, ఆ దేవాలయాల కప్పునీటిని పేట అంతటికీ పంచినారని కూడ వ్రాయగలుగునట్లు మనం నడుచుకొందుము గాక.