కాశీ కంటే దూరమైన అరకు

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలకు పైగా దేశం తిరిగి 1831లో ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా తీరం వెంబడి దక్షిణానికి సాగిన ఆ బిడారుకు కుడిచేతి వైపు కొండల వరస రోజుల తరబడి తోడు వచ్చి ఉంటుంది. దారిలో తగిలిన ప్రతి ఊరి సంగతీ రాసిపెట్టిన ఆ యాత్రికుడు కూడా ఆ కొండల్లోకి మళ్ళలేదు. ఆ కాలపు తెలుగువాడికి కాశీ కంటే అరకే దూరం.

కారణం జ్వరం. మన్యం నీళ్ళు పడితే మనిషి తిరిగి రాడని పల్లంలో నమ్మకం. నమ్మకం ఒట్టిది కాదు గానీ తప్పు నీళ్ళది కాదు. మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో రుజువు పట్టుకున్నది 1897లో. అంతకు ముందు, 1860 ప్రాంతంలో, విశాఖ ఎండలకు తాళలేని తెల్లసైనికుల కోసం గాలికొండ మీద చల్లని విడిది ఏర్పాటు చేయబోయారు. ఊటీలాంటిది ఇక్కడా వస్తుందని దొరల ఆశ. జ్వరాలు దళాన్ని కిందికి దింపేశాయి. ఇవాళ అరకు బస్సు ఆగి జనం ఫొటోలు దిగే గాలికొండ అదే.

అయితే కొండ ఎప్పుడూ మూసుకుని లేదు. అక్కడ అన్నీ పండుతాయి, ఉప్పు తప్ప. ఆ ఒక్క కొరత వందల ఏళ్ళ పాటు దారిని తెరిచి ఉంచింది. తీరంలో మడుల దగ్గర ఎత్తిన ఉప్పును పెరికెద్దుల మీద వేసుకుని లంబాడీలు సాలూరు మీదుగా జయపురం వైపు ఎక్కేవారు. దిగేటప్పుడు అదే ఎద్దుల మీద ధాన్యం, కొండసరుకు. ఇంటిల్లిపాదీ, పిల్లాజెల్లాతో సహా, నెలల తరబడి దారిలోనే బతికేవారు. ఎక్కడ నీరుంటే అక్కడ విడిది, ఎక్కడ గడ్డి ఉంటే అక్కడ మకాం. తూర్పుకనుమల తొలి దూరప్రయాణికులు అని ఎవరినైనా పిలవాలంటే వీళ్ళనే పిలవాలి.

కొండమీది వాళ్ళు తామూ దిగేవారు. భుజాన కావడి, అందులో చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు. సంతకు పోవడం అంటే తెల్లవారకముందే లేచి నడవడం. అడవిలో పొయ్యి వేసుకోవాల్సి వస్తే గిన్నె అక్కర్లేదు. పచ్చి వెదురుబొంగులో మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద పెడితే చాలు. ఇప్పుడు రోడ్డు పక్కన బొంగు చికెన్ అని అమ్ముతున్నది ఆ బాటసారి వంటే.

తెలుగు చదువరుల్లో ఈ కొండలను నిజంగా ఎరిగినవాడు ఒక బడిపంతులు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సంతకు దిగివచ్చే సవర గిరిజనులను చూశారు. వాళ్ళ మాట ఎవరికీ రాదు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. నేర్చుకున్నది సరో కాదో తేల్చుకోవడానికి సవర గూడేలకు నడిచివెళ్ళారు. కొండ తన వాటా తాను తీసుకుంది. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ చెవులను దెబ్బతీసింది. చెవితో వినాల్సిన భాష కోసం చెవినే పోగొట్టుకున్నారు. ఆపలేదు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువడింది, ఆ తర్వాత నిఘంటువులు వచ్చాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు వేదికల మీద వాడుక భాషా ఉద్యమం గురించి చెప్పినంతగా సవర గూడేల దారుల గురించి చెప్పకపోవడం అన్యాయం. వాడుక మాట విలువ ఆయన ఆ దారుల్లోనూ నేర్చుకున్నారు.

గోదావరి వైపు కొండల్లో ఇంకొకరు నడిచారు. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1939లో ఇండియా వచ్చాక యుద్ధం మొదలైంది. శత్రుదేశపు పౌరుడు కాబట్టి ఆయన నిజాం రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ నిర్బంధాన్ని ఆయన, భార్య బెట్టీ పనిగా మార్చుకున్నారు. చెంచుల మధ్య పనిచేశాక 1941లో కొండరెడ్ల మధ్యకు వెళ్ళారు. పోడు నరికే కాలం ఎప్పుడు, ఆకలి నెలల్లో తినేది ఏమిటి, వెదురు కొట్టించే కంట్రాక్టర్ల దగ్గర అప్పు ఎలా పెరుగుతుంది అని దగ్గరుండి చూసి రాశారు. ఆ పుస్తకం 1945లో అచ్చయింది.

రోడ్ల కథ మాత్రం చేదు. 1839 చట్టంతో ఈ కొండలు ఏజెన్సీ అయ్యాయి, కలెక్టరు గవర్నరు ఏజెంటు అయ్యాడు. ఆ తర్వాత పాలనకు, కలపకు దారులు కావలసివచ్చాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డుకు రాళ్ళు మోసింది మన్యం జనం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్ళకు చాలీచాలని కూలి విదిల్చి పని పిండుకున్నాడు. ఉత్తరదేశపు తీర్థాలు తిరిగివచ్చి కృష్ణదేవిపేట దగ్గర నిలిచిన అల్లూరి సీతారామరాజు దగ్గరకు చేరిన గోడుల్లో అదొకటి. ఆయన నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. చలికాలం తెల్లవారుజామున మంచు చూడటానికి లంబసింగికి కార్లు బారులు తీరేది ఆ చింతపల్లి రోడ్డు మీదే. ఆ మలుపుల దగ్గర ఒక్కసారైనా ఆ కూలీలను తలుచుకోవాలి.

రైలు వచ్చింది జనం కోసం కాదు. జపాన్‌కు బైలడిల్లా ఇనుప ఖనిజం అమ్మేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలను తొలిచి పట్టాలు వేశారు. దారి పొడవునా యాభైకి పైగా సొరంగాలు. సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ చాలాకాలం దేశంలో ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరు మోసింది. ఖనిజం బళ్ళ మధ్య ఒక ప్యాసింజరు బండి కూడా నడిచింది. ఆ చౌక టిక్కెట్టుతోనే విశాఖ కాలేజీ కుర్రాళ్ళు, గుమాస్తాలు, పెళ్ళైన కొత్త జంటలు తొలిసారి అరకు చూశారు. కొండవాళ్ళు గంపలతో ఎక్కి దిగారు. అద్దాల పెట్టె 2017లో వచ్చింది. పాత పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని సొరంగం చల్లదనాన్ని ముఖం మీద పట్టుకోవడం అద్దం వెనక దొరకదు.

ఇంతమంది వస్తున్నా అరకు ఇంకా అక్కడి వాళ్ళ చేతుల్లోంచి పూర్తిగా జారిపోకపోవడానికి కొండగాలి కంటే ముందు చట్టం కారణం. 1970లో వచ్చిన భూబదలాయింపు నిబంధన గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి దక్కకుండా చేసింది. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. గుహలో జారిపడ్డ ఆవును వెతుకుతూ దిగిన పశువుల కాపరికి శివలింగం కనిపించిందని చెప్పుకునే ఆ బొర్రా పేరు న్యాయశాస్త్ర గ్రంథాలకెక్కింది.

కొండకు వెళ్ళేవారికి ఒక్క మనవి. ఒక్కరోజులో చుట్టి రావద్దు. భగత, వాల్మీకి, కొటియా, పోర్జా, కొండదొర ఇళ్ళలో ఆతిథ్యం దొరికితే అక్కడే ఉండి, గది అద్దె వాళ్ళ చేతిలోనే పెట్టండి. ఆదివాసీ ఒడియాలో పలకరింపుకు సరిపడా నాలుగు మాటలు నేర్చుకోండి. కిరండూల్ బండి పొద్దున్నే విశాఖలో బయలుదేరుతుంది. అరకు సంత శుక్రవారం.