గుట్ట మీది చుక్క

పాత కరీంనగరు జిల్లా పటం తీసి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను మూడు సరళరేఖలతో కలిపినట్లయితే ఒక సన్నని త్రిభుజం ఏర్పడుతుంది. జగిత్యాల, కోరుట్ల రెండును 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా, దాదాపు ఒకే వరుసలో ఉన్నవి. రేఖాంశంలో రెంటికీ గల తేడా డిగ్రీలో ఐదవ వంతు. ఆ అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105 కిలోమీటర్లు గనుక, సూటిగా కొలిస్తే వాటి మధ్య దూరం 21 కిలోమీటర్లు. సిరిసిల్ల ఆ గీతకు 46 కిలోమీటర్లు దక్షిణంగా, రెండింటికి నడిమిగా ఉన్నది.

జగిత్యాల, కోరుట్లల మధ్య దూరం మాత్రమే తెలిసి, సిరిసిల్లకు అడుగైనా పెట్టకుండా దాని స్థానం కనుగొనవలెనంటే ఏమి చేయాలి? రెండు చివరల నుంచి సిరిసిల్ల వైపు చూపుసారించి కోణాలు కొలిస్తే చాలును. ఒక భుజం, రెండు కోణాలు తెలిసినప్పుడు త్రిభుజం మొత్తం తెలిసినట్లే. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన లెక్కయే. కాని సర్వేదారు ఈ త్రిభుజాన్ని ఇష్టపడడు. సిరిసిల్ల వద్ద కోణం ఇంచుమించు 25 డిగ్రీలు మాత్రమే. కోణం కొలవడంలో ఒక నిమిషం, అనగా డిగ్రీలో అరవయ్యవ వంతు తప్పిపోతే సిరిసిల్ల సుమారు 30 మీటర్లు జరిగిపోతుంది. అదే 21 కిలోమీటర్ల భుజం మీద సమబాహు త్రిభుజం కట్టినట్లయితే ఆ తప్పు 7 మీటర్లకు మించదు. అందుకే సర్వేదారులు 30 డిగ్రీలకు తక్కువైన కోణాన్ని వీలైనంత వరకు దరికి రానివ్వరు. పైగా నడుమ గుట్టలుంటే చూపు సాగదు. ఆ గుట్టలనే ఎక్కి, శిఖరం నుంచి శిఖరానికి త్రిభుజాలు అల్లుకుంటూ పోవాలి.

దక్షిణ భారతంలో ఈ పనికి పూనుకొన్నవాడు విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ కొండ వద్ద మొదటి ఆధారరేఖను కొలవడం ప్రారంభించినాడు. రేఖ పొడవు ఏడున్నర మైళ్ళు. కొలవడానికి 57 రోజులు పట్టినవి. అతడు వాడిన ఉక్కు గొలుసు నూరడుగుల పొడవు, ఒక్కొక్కటి రెండున్నర అడుగుల 40 కడ్డీలు గలది. ఆ గొలుసు వెనుక ఒక వింత కథ ఉన్నది. అది అసలు చైనా చక్రవర్తికి కానుకగా ఇంగ్లండు నుంచి వెళ్ళినది. అక్కడ ఆదరణ దొరకక కలకత్తా చేరినది. కోణాలు కొలిచే పెద్ద థియొడొలైటు కథ ఇంకా చిత్రం. అరటన్ను బరువుగల ఆ యంత్రాన్ని తెచ్చే ఓడను ఫ్రెంచివారు పట్టుకొని, మారిషస్ దీవికి తీసుకొని పోయినారు. అది విజ్ఞానశాస్త్రానికి పనికివచ్చే వస్తువని తెలిసి తిరిగి పంపివేసినారు. ఫ్రెంచివారికి ఈ విద్యలో ప్రవేశం లేకపోలేదు. జగిత్యాల కోటను 1747లో జఫరుద్దౌలా కొరకు కట్టినది ఫ్రెంచి ఇంజనీర్లేనని ఇంపీరియల్ గెజెటీరు చెప్పుచున్నది. నక్షత్రాకారంలో ఉన్న ఆ కోట గోడల మూలలను చూస్తే, గీసినవారికి కోణమానిని చేతిలో ఎంత అలవాటో తెలుస్తుంది.

లాంబ్టన్ త్రిభుజాలు ఉత్తరంగా పాకి గుత్తి దాటి, 1815 నాటికి బీదరు సమీపాన దామరగిద్ద చేరినవి. అక్కడ మరొక ఆధారరేఖ కొలిచినారు. 1818 జనవరి 1 నుంచి ఈ కార్యానికి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అని పేరు వచ్చినది. ఆ ఏడాది చివర జార్జి ఎవరెస్టు అనే యువకుడు హైదరాబాదులో లాంబ్టన్‌కు ముఖ్య సహాయకుడుగా చేరినాడు.

ఎవరెస్టుకు అప్పగించినది కృష్ణా గోదావరుల నడిమి సీమ. హైదరాబాదుకు తూర్పున, గోదావరి వైపు పోయినకొద్దీ అడవి చిక్కనవుతుంది. టేకు, మద్ది, తునికి, వెదురు పొదలు దాటి గుట్ట నెక్కితే, శిఖరం మీద చెట్లు నరికి చూపు తెరిపించుకోవలెను. పది గుట్టలు వెతికితే రెండు మాత్రమే ఒకదానికొకటి కనపడతవి. ఆ పనికి వానకాలాన్ని ఎన్నుకొన్నారు. ఎండకాలంలో ఆవిరి, దుమ్ము, అడవి మంటల పొగ కమ్మి దూరపు గుట్ట కనపడదు. వాన కురిసి వెలిసిన తరువాత గాలి కడిగినట్లుండి 40, 50 మైళ్ళ దూరం కూడ చూడవచ్చును. లెక్కకు అదే మంచి కాలం. మనిషికి మాత్రం అదే చెడ్డ కాలం.

1819 వానకాలంలో ఎల్లాపురం అడవి ప్రాంతంలో ఎవరెస్టుకు జ్వరం సోకినది. అతనితో ఉన్న వైద్యుడు, భూవిజ్ఞాని హెన్రీ వాయిసీ కూడ పడిపోయినాడు. ఇంచుమించు 150 మంది పరివారంలో ఎక్కువమంది లేవలేని స్థితికి వచ్చినారు. హైదరాబాదు నుంచి డోలీలు, ఏనుగులు పంపి వారిని వెనుకకు తెప్పించవలసి వచ్చినది. 15 మంది దారిలోనే మరణించినారు. జెండా పాతినవారు, పెట్టెలు మోసినవారు, చెట్లు కొట్టినవారు వీరే. ఎవరెస్టు పేరు 1865లో ప్రపంచంలోకెల్ల ఎత్తైన శిఖరానికి పెట్టినారు. ఈ 15 మంది పేర్లు సర్వే చరిత్రలలో కనపడవు. మరుసటి ఏడు తిరిగి పనిలోకి దిగిన ఎవరెస్టుకు జ్వరం మళ్ళీ వచ్చినది. ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్ళినాడు. అక్కడ కూడ ఊరుకోక, లకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అంతకు పూర్వం కొలిచిన భూరేఖను పరిశీలించినాడు.

ఆనాడు ఈ జ్వరానికి కారణం అడవిలోని చెడ్డగాలి అనుకొనేవారు. అది మలేరియాయే కావచ్చునని నేటివారి ఊహ. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న. ఆ పరిశోధన జరిగిన స్థలం సికిందరాబాదు. జ్వరపడినవారు తిరిగి చేరిన నగరం పక్కనే, 78 ఏండ్లకు, జ్వరం గుట్టు బయటపడినది.

లాంబ్టన్ 1823 జనవరిలో హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూసినాడు. తరువాత పని ఎవరెస్టుది. దామరగిద్ద నుంచి హిమాలయాల అడుగు దాక చాపం సాగినది. ఆ కొలతల నుంచి భూమి ఆకారానికి ఎవరెస్టు 1830లో ఇచ్చిన లెక్కయే భారతదేశపు పటాలకు నూటయాభై ఏండ్లకు పైగా ఆధారమైనది.

ఇంత శ్రమకు గుట్ట మీద మిగిలిన గురుతు చాల చిన్నది. రాతి మీద చెక్కిన ఒక వృత్తం, నడుమ ఒక చుక్క. పైన రాళ్ళ తిన్నె, దాని మీద అదే నిలువున మరొక చుక్క. సర్వే పటంలో దానికి గుర్తు ఒక చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు. దొరలు ఇంత కష్టపడి గుట్ట ఎక్కి రాయి పాతినారంటే కింద ధనమున్నదని అనుకొని, కొన్ని చోట్ల జనం ఆ తిన్నెలను తవ్విపోసినారు. వారి తర్కాన్ని తప్పుపట్టలేము. కింద దొరికినది మాత్రం చుక్కయే.

దాచిన వస్తువును అంకెలతో వెతికే ఆట నేడు నిజంగా ఉన్నది. అమెరికా ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్లకు మించిన ఎత్తున తిరుగుతూ పంపే సంకేతాలను బట్టి చేతిలోని చిన్న పరికరం స్థానాన్ని చెపుతుంది. 2000 మే నెల ఆరంభం దాక ఆ ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. తేడా నూరు మీటర్ల దాక వచ్చేది. ఆ తప్పు తీసివేసిన మరునాడు, మే 3న, డేవ్ అల్మర్ అనే ఇంజనీరు ఓరెగాన్ రాష్ట్రపు అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించినాడు. మూడు రోజులలో ఇద్దరు కనుగొన్నారు. అదే జియోకాషింగ్. తీసుకొన్నవారు వేరొక వస్తువు పెట్టి, పుస్తకంలో సంతకం చేయడం నియమం. కొండలలో, చెట్ల కింద ఆట కఠినమవుతుంది. ఆకాశం కొంత కప్పుకొనిపోయి ఉపగ్రహాలు తక్కువగా కనపడతవి, రాతి గోడల నుంచి పరావర్తనం చెందిన సంకేతం పరికరాన్ని మోసగిస్తుంది.

సిరిసిల్ల, జగిత్యాల చుట్టున్న రాతిగుట్టలలో ఉపాధ్యాయులు విద్యార్థులతో ఈ ఆట ఆడించవచ్చును. వానకాలంలో నాచు పట్టిన బండ మీద కాలు నిలువదు, గుహలలో ఎలుగుబంట్లుండవచ్చును గనుక ఊరివారిని అడిగి పోవడం మేలు. మరొక చిక్కు ఉన్నది. ఒకరు పాత సర్వే పటం నుంచి అంకెలు తీసి ఇస్తే, మరొకరు ఉపగ్రహ పరికరంతో వెతికితే వస్తువు దొరకదు. పాత పటం ఎవరెస్టు లెక్క మీద గీసినది. పరికరం భూగోళమంతటికీ సరిపోయే వేరొక లెక్క మీద నడుస్తుంది. ఈ ప్రాంతంలో రెంటికీ నూరు మీటర్లకు మించిన తేడా వస్తుంది. ఏ లెక్క ప్రకారం అన్నది చెప్పనిదే అక్షాంశ రేఖాంశాలు సగం మాటయే. 2005 నాటి జాతీయ పటాల విధానం తరువాత ప్రజలకు అందే పటాలను కొత్త లెక్కకు మార్చినారు.

గుట్టలకే ఇప్పుడు ముప్పు వచ్చినది. కరీంనగరు గ్రానైటుకు దేశదేశాల గిరాకీ ఉన్నది. కోటానుకోట్ల ఏండ్ల నాటి బండలను దిమ్మెలుగా కోసి లారీలకెత్తుతున్నారు. గుట్టతోపాటు దాని మీది చుక్క కూడ పోయిన చోట, పాత పటంలోని చిన్న త్రిభుజం, పక్కన లేని ఎత్తును చూపే అంకె మాత్రం మిగులుతవి.