పాత జీపు: పునరుద్ధరణమా? పరిరక్షణమా?

చరిత్ర యనగానే మనకు శాసనములు, నాణెములు, తాళపత్రములు స్ఫురించును గాని మోటారు బండి స్ఫురింపదు. అయినను గడచిన ఎనిమిది దశాబ్దుల చరిత్రను తెలిసికొనగోరువారికి, బాట లేనిచోటికి మనుష్యుని చేర్చిన జీపు కూడ ఒక శాసనమే. యుద్ధభూమిలో సైనికుని మోసినది అది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప బి.డి.ఓ. గారిని పల్లెకు చేర్చినదియు అదియే. అట్టి బండి యొకటి నేడు ఏ ఆవరణములోనో దొరికినచో దానిని విప్పి, తోమి, రంగువేసి క్రొత్తదానివలె నిలుపవలెనా? లేక దాని నొక్కులతో, వెలసిన రంగుతో ఉన్నదున్నట్లు కాపాడవలెనా? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నవలె కనిపించును. విచారించినచో సాక్ష్యమునకు సంబంధించిన ప్రశ్న యని తేలును.

1940లో అమెరికా సైన్యము నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు తేలికపాటి బండిని కోరి, తొలి నమూనాకు 49 దినములు మాత్రమే గడువిచ్చెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణమందలి బాంటం అను చిన్న సంస్థ అందులకు పూనుకొనెను. కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు రూపకల్పన చేయగా, ఆ సంవత్సరము సెప్టెంబరు 23న బండి సైనిక స్థావరమునకు చేరెను. పిమ్మట పెద్ద ఆర్డర్లు మాత్రము విల్లీస్, ఫోర్డు సంస్థలకే దక్కినవి. యుద్ధము ముగియునప్పటికి ఆ రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసెను. రెండింటి నమూనా ఒక్కటే. ఒకదాని భాగములు మరియొకదానికి అమరును. అయినను ఫోర్డు వారు తమ భాగములపై, తుదకు బోల్టుల తలలపై సైతము, ‘ఎఫ్’ అను అక్షరమును ముద్రించిరి. ఒక జీపు ఏ కర్మాగారమున పుట్టినదో తెలిసికొనుటకు అట్టి చిన్న గుర్తులును ఆధారములే. తుప్పుపట్టిన బోల్టును పారవైచి మెరయు బోల్టును బిగించువాడు తనకు తెలియకయే ఒక శాసనాక్షరమును చెరిపినవాడగును.

ఇంగ్లండులోని లాండ్ రోవర్ చరిత్ర ఈ విషయమును మరింత స్పష్టము చేయును. రోవర్ సంస్థలో ప్రధాన ఇంజనీరైన మారిస్ విల్క్స్, ఆంగ్లిసీ ద్వీపమందలి తన పొలమున సైన్యము విడిచిన జీపును వాడుచు, అట్టి బండి తామే తయారుచేయరాదా యని తలచెను. 1947లో జీపు ఛాసిస్‌పైననే తొలి నమూనాను నిర్మించిరి. దాని స్టీరింగు నడిమధ్య నుండెను. ఆ బండి నేడు లేదు. కొన్ని ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. వాటినిబట్టి ఔత్సాహికులు ప్రతిరూపములు చేసిరి. బండి ఎట్లు కనిపించెనో అవి చూపగలవు. ఏ భాగమును ఎక్కడ కోసి ఎట్లు అతికిరో చెప్పజాలవు. ఛాయాచిత్రమునకు తెలియనిది ప్రతిరూపమునకును తెలియదు.

1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున లాండ్ రోవర్ లోకమునకు పరిచితమయ్యెను. అప్పుడచ్చట నిలిచిన బండ్లలో ఒకటి తరువాత వేల్సు దేశమున ఒక పొలములో ఇరువది యేండ్లు కదలక, ఇంజను బలము కొరకే వాడబడెను. ఆ పిమ్మట దానిని బాగుచేయదలచి ఒకరు కొన్నను పని సాగలేదు. తుదకు దానిని తయారుచేసిన సోలిహల్ పట్టణమునకు కొలది మైళ్ల దూరమున ఒక తోటలో బయటపడినది. 2018లో ఆ సంస్థ దానిని బాగుచేయుదుమని ప్రకటించుచు, పాత లేతాకుపచ్చ రంగును, తొలినాటి ప్రత్యేక భాగములను కాపాడుదుమని చెప్పెను. దాని అల్యూమినియం రేకులు తరువాతి బండ్ల రేకులకంటె మందమైనవి. ఛాసిస్‌కు జింకుపూత కలదు. వెనుక తొట్టి ఊడదీయుటకు వీలైనది. యుద్ధానంతరము ఉక్కు కరవైన దినములలో అల్యూమినియముతో బండి కట్టిన కథ అంతయు ఆ రేకులలో నున్నది. వాటికి మారుగా క్రొత్త రేకులు బిగించినచో బండి అందగించును గాని కథ మూగవోవును.

అయితే, ముట్టకుండ విడిచిపెట్టుటయే పరిరక్షణమని భ్రమపడరాదు. తుప్పు చరిత్ర కాదు. చరిత్రను తినివేయు చెద. ఉక్కును అల్యూమినియమును తాకుచున్న చోట తేమ చేరినచో అల్యూమినియము క్షీణించును. బ్రేకుల రబ్బరు గొట్టములు పెళుసువారును. తీగల తొడుగులు రాలిపోవును. వాటిని చరిత్ర పేర అట్లే యుంచి బండిని రోడ్డెక్కించుట ప్రాణాపాయము. అరుగుదల భాగములు మార్చుటకే పుట్టినవి. మార్చినవానిని గుర్తించి వ్రాసియుంచుట, తీసినవానిని పారవేయక దాచుట, ఊహకు తావీయకుండుట మన కర్తవ్యము. పాత కట్టడములను గూర్చి 1964 నాటి వెనిస్ నియమావళి, పాత వాహనములను గూర్చి 2012లో ఆమోదించిన ట్యూరిన్ నియమావళి ఉపదేశించు మార్గమిదియే.

ఇక బండి విలువ దాని ప్రయాణములోనే యున్నప్పుడు మరమ్మతు దోషము కాదు. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు లాండ్ రోవర్లలో లండన్ విడిచి, మన దేశమును దాటి, అస్సాము బర్మాల మీదుగా 1956 మార్చిలో సింగపూరు చేరిరి. వాటిలో ‘కేంబ్రిడ్జి’ తరువాత ఇరానులో నాశనమయ్యెను. ‘ఆక్స్‌ఫర్డ్’ సెయింట్ హెలినా ద్వీపమున మిగిలియుండగా 2017లో ఇంగ్లండుకు తెచ్చి బాగుచేసిరి. అది 2019లో సింగపూరునుండి లండనుకు తిరుగు ప్రయాణము సాగించెను. నడచుటయే దాని చరిత్ర. నడిపించుటయే దానికి న్యాయము. అట్లే, దేహమంతయు శిథిలమై, అట్టివే వేలకొలది మిగిలియున్న సాధారణపు జీపును పూర్తిగా పునరుద్ధరించినను చరిత్రకు నష్టము లేదు. ఇది అన్ని బండ్లకును ఒకే తీర్పు చెప్పదగిన వ్యవహారము కాదు. ఈ బండి మాత్రమే చెప్పగల మాట ఏమున్నదని మొదట ప్రశ్నించి, ఆ మాట ఏ భాగమున నున్నదో దానిని ముట్టకుండుట వివేకము.

మన దేశమున ఈ విచారము కేవలము ధనికుల వినోదము కాదు. స్వాతంత్ర్యానంతరము మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి దేశమంతట నడిపించిరి. 2021 జులైలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, 50 యేండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక తొలి రూపముననున్న బండికే ‘వింటేజి’ హోదా లభించును. మితిమీరిన పునరుద్ధరణము చట్టరీత్యా సైతము చేటు తేగలదన్నమాట. మరియొక వైపు, 15 యేండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి రద్దగుచున్నది. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనములకు మాత్రము మినహాయింపు కలదు. ప్రజల ఆరోగ్యము దృష్ట్యా ఆ నియమము సమంజసమే. అయితే ఏదైన కార్యాలయపు షెడ్డులో తొలితరపు జీపు మిగిలియున్నచో, దానిని తుక్కు క్రింద వేలమునకు పంపుటకు ముందు ఛాసిస్ సంఖ్య చూచి, లాగ్‌బుక్కు వెదకి, మ్యూజియము వారికొక జాబు వ్రాయుట కష్టము కాదు. ఏ అధికారి ఏ తేదీన ఏ ఊరికి పోయెనో, ఎన్ని మైళ్లు తిరిగెనో తెలుపు లాగ్‌బుక్కు లేని జీపు సగము జీపే.

కార్యాలయములలో పనిచేయు మనకు ఈ ధర్మము తెలియనిది కాదు. పాత ఫైలులో పై అధికారి కొట్టివేసిన వాక్యమును కూడ చదువుటకు వీలుగనే యుంచుదుము. శుభ్రమైన ప్రతి టైపు చేయించినంత మాత్రమున మూలమును తగులబెట్టము. ఏలయన, నిర్ణయము ఎట్లు జరిగినదో ఆ కొట్టివేతలే చెప్పును. జీపు దేహముపై నొక్కు, గీత, అతుకు అట్టి కొట్టివేతలే. రంగు ఎప్పుడైనను వేయవచ్చును. గీకివేసిన రంగును మరల తేలేము. సందేహము కలిగినప్పుడు చేయి ఆపుటయే మేలు.