మార్లవాయి గోండు విద్యా పథకం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని గోండు గూడెం మార్లవాయి. నిజాం పాలనలో 1943లో ఇక్కడ మొదలైన గోండు విద్యా పథకం ఆదివాసీ పిల్లలకు వాళ్ళ భాషలో, వాళ్ళ మనుషుల చేతనే చదువు చెప్పించడానికి తెలంగాణలో జరిగిన తొలి గట్టి ప్రయత్నం. దీన్ని రూపొందించినవాడు ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909–1995).

నేపథ్యం

పోడు భూముల కోసం, అడవి మీద హక్కుల కోసం పోరాడిన గోండు నాయకుడు కుమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. చదువు రాకపోవడం వల్లే పట్టా కాగితంలో ఏముందో, వడ్డీ వ్యాపారి లెక్కలో ఏం రాశాడో గోండులకు తెలియకుండా పోతోందని గ్రహించాడు. అంటే ఇక్కడ బడి భూమి తగాదా నుంచే పుట్టింది. ఈ పథకాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

పథకం నడిచిన తీరు

ముందు బడులు కట్టి తర్వాత పంతుళ్ళను వెతకలేదు. అక్షరం ముక్క వచ్చిన గోండులు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ళను మార్లవాయికి పిలిచి, శిక్షణ కేంద్రం పెట్టి, పంతుళ్ళుగా తయారుచేశాక ఒక్కో గూడెంలో బడి తెరుస్తూ పోయారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉండటంతో వాచకాలను గోండి భాషలో, మరాఠీ రాసే దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పిల్లవాడు తన మాటను చదవడం నేర్చాకే మిగతా భాషల జోలికి వెళ్ళేవాడు. అధికారి సేతు మాధవరావు పగ్డీ కూడా గోండి నేర్చుకుని ఈ పనికి అండగా నిలిచాడు. శిక్షణ పొందినవాళ్ళలో కొందరు పట్వారీలుగా, అటవీ శాఖ ఉద్యోగులుగా కుదురుకున్నారు. అంతవరకు దొరల భాషలో మాట్లాడిన సర్కారు కాగితాన్ని గోండు చదివి గోండుకు చెప్పడం అప్పుడే మొదలైంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని చెప్పే 350ఏ అధికరణం రాజ్యాంగంలో చేరిందీ ఆ ఏడాదే. అయినా మార్లవాయి ఉన్న అప్పటి ఆదిలాబాద్ జిల్లా గూడేల బడుల్లో గోండి వెనక్కి పోయి తెలుగు వచ్చి కూర్చుంది. గోండి రాని పంతుళ్ళు వచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో మళ్ళీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్ ఈ నష్టం గురించి బాధతో రాశాడు.

గోండి, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖవే. గోండు పిల్ల ‘ఉండి, రండ్, మూండ్, నాలుంగ్’ అని లెక్కపెడుతుంటే చుట్టరికం వినబడుతుంది. కానీ ఆ చుట్టరికం ఒకటో తరగతి గదిలో అక్కరకు రాదు. పంతులు అడిగింది అర్థంకాక పిల్లవాడు ఊరుకుంటే మొద్దు అనే పేరు పడుతుంది, కొన్నాళ్ళకు బడి మానేస్తాడు.

ముందూ వెనకా

మార్లవాయికి ముందే ఉత్తరాంధ్ర సరిహద్దులో గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ఇదే బాట తొక్కాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి ఆదివాసులైన సవరల భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం 1911లో వెయ్యి రూపాయల బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర బడి పెట్టమన్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. వ్యావహారిక భాషోద్యమ నేతగా గిడుగును తలుచుకునే మనం ఈ పనిని తక్కువగా చెప్పుకుంటాం.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్వశిక్షా అభియాన్ కింద గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని వెల్లడైంది. జయధీర్ తిరుమలరావు తదితరుల కృషితో వెలుగులోకి వచ్చిన ఈ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మార్లవాయికే చెందిన కనకరాజు గుస్సాడీ నృత్యాన్ని పిల్లలకు నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన 2024లో కన్నుమూశాడు.

బడి వల్ల సొంత భాష పోగొట్టుకున్న ఆదివాసులు వేరే చోటా ఉన్నారు. అమెరికాలో లకోటా ఆదివాసీ పిల్లల కథ ఇంతకన్నా కఠినం. 1879లో తెరిచిన కార్లైల్ వంటి వసతి బడుల్లో సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. ఇప్పుడు స్టాండింగ్ రాక్, పైన్ రిడ్జ్ ప్రాంతాల్లో పసిపిల్లలతో లకోటాలోనే మాట్లాడే బడులు నడుస్తున్నాయి. అక్కడ భాష బాగా వచ్చినవాళ్ళు ముసలివాళ్ళే మిగిలారు. గోండి అలా కాదు, 2011 జనగణన ప్రకారం దేశంలో 29 లక్షల మందికి పైగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు.

ఏజెన్సీ వెలుపల

ఏజెన్సీకి, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతానికి, బయట ఉన్న సంగారెడ్డి జిల్లాలో సమస్య రూపం వేరు. నారాయణఖేడ్ వైపు తండాల్లో ఊరంతా బంజారా మాట్లాడుతుంది కాబట్టి ఆ భాష వచ్చిన ఒక్క టీచరు చాలు. కానీ బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న బడుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. ఒక భాష వాచకం అక్కడ సరిపోదు.

ఉపాధ్యాయుల ప్రశ్న

ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని తీర్పు చెప్పింది. రిజర్వేషన్ సంగతి ఎలా తేలినా, ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పేవారికి ఆ గూడెం భాష వచ్చి ఉండాలన్న నిబంధన పెట్టడం ప్రభుత్వాల చేతిలో పని. మార్లవాయి పథకం నడిచింది ఆ ఒక్క నిబంధన మీదే. దాన్ని తిరిగి తేవాలి.